ఇంటి ముందు మిల్క్‌వీడ్ వేస్తే హెచ్ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నోటీసు వచ్చింది, ఏం చేయాలి?

#1 పెరటి_పద్మ

డాలస్‌కి ఉత్తరాన, కాలిన్ కౌంటీలో ఉంటాం. రెండేళ్ల కిందట ఇంటి ముందు మెయిల్‌బాక్స్ పక్కన 12 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు ముక్కలో లాన్ గడ్డి తీసేసి ఇక్కడి నేలలో పుట్టిన (నేటివ్) మొక్కలే వేశాను. బ్లూబానెట్, బ్లాక్‌ఫుట్ డైసీ, ఎర్ర సాల్వియా, లిటిల్ బ్లూస్టెమ్ గడ్డి రెండు దుబ్బులు, నాలుగు గ్రీన్ మిల్క్‌వీడ్. మార్చి చివర్లో బ్లూబానెట్ విరగబూసినప్పుడు వాకింగ్‌కి వెళ్లేవాళ్లు ఆగి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టి ఫోటోలు తీసుకున్నారు. ఇప్పుడు ఏప్రిల్ చివర, పూలైపోయాయి, కాయ పట్టి మొక్కలు కాస్త పక్కకి వాలాయి. నిన్న హెచ్ఓఏ నుంచి ఉత్తరం వచ్చింది. "అదుపు లేకుండా పెరిగిన కలుపు" అట, పది రోజుల్లో తీసేయాలట, లేకపోతే జరిమానా అట. ఫోటో కూడా జతచేశారు. అందులో కలుపు అంటూ ఎర్ర గీతతో చుట్టిన చోటే నా మిల్క్‌వీడ్ ఉంది.

ఆ నాలుగు మొక్కల మీద ఇవాళ పొద్దున 11 మోనార్క్ సీతాకోకచిలుక గొంగళిపురుగులు ఉన్నాయి, కూర్చుని లెక్కపెట్టాను. చిన్నది బియ్యపు గింజంత, పెద్దది నా చిటికెన వేలంత. ఇప్పుడు పీకేస్తే అవి చచ్చిపోతాయి, ఆ పురుగు ఇంకే ఆకూ తినదు. రాత్రి నిద్ర పట్టలేదు. ఇలాంటిది ఎవరికైనా ఎదురైందా? చట్టంలో ఏమైనా దారి ఉందా?

#2 లాన్_లక్ష్మణ్

పీకేసి బ్యాక్‌యార్డ్‌లో వేసుకోండి. ఇల్లు కొన్నప్పుడు హెచ్ఓఏ కాగితాల మీద మనమే సంతకం పెట్టాం. ముందు యార్డ్ అంటే వీధి అందరిదీ.

#3 గోంగూర_గోపాల్

#2 బ్రో, ఆవిడ పురుగులు చచ్చిపోతాయని నిద్ర లేకుండా ఉంటే మీరు సంతకం గుర్తుచేస్తున్నారు.

#4 నల్లరేగడి

పద్మగారూ, పీకకండి. ముందు రెండు విషయాలు చూడండి. ఆ ఉత్తరం మామూలు పోస్టులో వచ్చిందా, సర్టిఫైడ్‌లో వచ్చిందా? టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 209.006 ప్రకారం జరిమానా వేసే ముందు వాళ్లు సర్టిఫైడ్ పోస్టులో, అంటే పంపినట్టు రుజువుండే పోస్టులో నోటీసు పంపాలి. అందులో ఏ నియమం తప్పారో, సరిదిద్దుకోవడానికి ఎంత గడువో చెప్పాలి. నోటీసు పంపిన 30 రోజుల్లోపు బోర్డు ముందు హియరింగ్ అడిగే హక్కు మీకు ఉందని కూడా అందులోనే రాయాలి. చాలామందికి మొదట వచ్చేది "మర్యాదపూర్వక గుర్తుచేత" రకం ఉత్తరం. దానికి భయపడి మొక్కలు పీకేసినవాళ్లు నాకు తెలిసే ముగ్గురున్నారు.

రెండోది అసలైన ఆయుధం. అదే కోడ్‌లో 202.007. 2013లో సవరించారు. కరువును తట్టుకునే మొక్కలు వేసుకోవడాన్ని, నీళ్లు తక్కువ తాగే గడ్డి వేసుకోవడాన్ని హెచ్ఓఏ నిషేధించకూడదు. వాననీటి పీపాలకీ, కంపోస్టుకీ కూడా అందులోనే రక్షణ ఉంది. కానీ జాగ్రత్తగా చదవండి, చట్టం "నేటివ్" అనలేదు, "కరువును తట్టుకునే" అంది. కాబట్టి మీ ఉత్తరంలో సీతాకోకచిలుకలు, ప్రకృతి, పర్యావరణం అని పేజీ రాయడం కంటే "డ్రౌట్ రెసిస్టెంట్ ల్యాండ్‌స్కేపింగ్" అన్న మాట మొదటి వాక్యంలోనే ఉండాలి.

ఇంకో మెలిక. ముందుగా ప్లాన్ ఇచ్చి అనుమతి తీసుకోమని అడిగే అధికారం హెచ్ఓఏకి ఉంది. సరైన కారణం లేకుండా కాదనకూడదు, చుట్టుపక్కల తోటలతో నప్పలేదని ఊరికే కొట్టేయకూడదు. అంతవరకే. మీరు అప్లికేషన్ పెట్టి వేశారా?

#5 పెరటి_పద్మ

#4 చాలా థాంక్స్ అండీ. మామూలు పోస్టే. హియరింగ్ గురించి ఒక్క ముక్క లేదు. అప్లికేషన్ మాత్రం పెట్టలేదు, నాలుగు మొక్కలకి అనుమతి కావాలని తట్టలేదు. అక్కడే తప్పు చేశానా?

#6 కమిటీలో_ఉన్నా

నేను మా సబ్‌డివిజన్ ఆర్కిటెక్చరల్ కమిటీలో, అంటే ఇళ్ల బయటి మార్పులకి అనుమతిచ్చే కమిటీలో, మూడేళ్లుగా ఉన్నాను (పద్మగారిది కాదు, వేరే ఊరు). అటువైపు నుంచి కూడా కాస్త చెబుతాను. మేము కారేసుకుని మొక్కల కోసం వెతుక్కుంటూ తిరగం. నూటికి తొంభై ఫిర్యాదులు పక్కింటివాళ్ల నుంచే వస్తాయి. మేనేజ్‌మెంట్ కంపెనీ (హెచ్ఓఏ పనులు చూసే సంస్థ) ఉద్యోగి వచ్చి కార్లోంచే ఫోటో తీసి వెళ్తాడు, అతనికి మిల్క్‌వీడ్‌కీ ముళ్లకంపకీ తేడా తెలియదు, ఆ పని కోసం అతన్ని పెట్టలేదు కూడా.

అప్లికేషన్ లేకుండా వేయడం తప్పే, కానీ ఇప్పుడు పెట్టవచ్చు, మేము అలాంటివి తీసుకుంటాం. మాకు వచ్చేవాటిలో చాలావరకు "కొన్ని నేటివ్ మొక్కలు వేస్తాను" అని ఒక్క లైను ఉంటుంది. దాన్ని చూసి ఎవరు సరే అంటారు? మీరు ఇలా ఇవ్వండి: గీసిన ప్లాన్, ప్రతి మొక్క పేరు, పూర్తిగా పెరిగితే ఎంత ఎత్తు వస్తుంది, సైడ్‌వాక్ నుంచి ఎంత దూరం, ఏ నెలలో పూస్తుంది, ఏ నెలలో కత్తిరిస్తారు. ఈ చివరిదే ముఖ్యం. "పూలైపోయాక ఎండు కాడలు ఫలానా తారీఖుకి తీసేస్తాను" అని మీరే రాసిస్తే కమిటీకి సగం టెన్షన్ తగ్గుతుంది. కాదంటే కారణం రాతపూర్వకంగా చెప్పాలని 2021 నుంచి చట్టమే ఉంది, 40 ఇళ్లకి పైబడిన హెచ్ఓఏలకి. బోర్డులో ఉన్నవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు ఈ కమిటీలో ఉండకూడదన్న నియమం కూడా అప్పుడే వచ్చింది. మీ దగ్గర ఎవరున్నారో ఒకసారి చూసుకోండి.

#7 లాన్_లక్ష్మణ్

అందరూ నన్ను విలన్‌ని చేయకండి. నా కేసు వినండి. మా పక్కింటాయన రెండేళ్లు మొవ్వర్ బయటికి తీయలేదు. అడిగితే "నేచురల్ యార్డ్" అన్నాడు. జాన్సన్ గడ్డి నాలుగడుగులు లేచింది, దాని విత్తనం మొత్తం నా లాన్‌లోకి వచ్చింది. ఆ దుంప వేరు తవ్వినకొద్దీ వస్తూనే ఉంటుంది, రెండు వేసవులు నా శనివారాలన్నీ దానికే పోయాయి. ఇల్లు అమ్ముదామని ఏజెంట్‌ని పిలిస్తే మొదట అడిగింది పక్కిల్లు ఎవరిదని. అందుకే నేటివ్ అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

#8 నల్లరేగడి

#7 మీ కోపం న్యాయమైనదే. కానీ జాన్సన్ గడ్డి ఈ దేశానిదే కాదు, బయటి నుంచి తెచ్చిన పశుగ్రాసం అదుపు తప్పి కలుపైంది. మీ పక్కింటాయన చేసింది నేటివ్ తోట కాదు, వదిలేసిన లాన్. పద్మగారు గడ్డి తీసి, ఎంచి, నాటి, లెక్కపెడుతున్నారు. ఈ రెంటికీ తేడా చట్టం గుర్తించాలనే కదా గొడవంతా.

#9 చలిదేశం

#8 ఆ తేడా మా మిన్నెసోటాలో చట్టంలోనే రాశారు, 2023లో. ప్లాన్ చేసి, కావాలని వేసి, చూసుకుంటున్న నేటివ్ తోట అయితే 8 అంగుళాలు దాటి పెరిగినా సిటీ అడ్డుపడకూడదు. పెంచడం మానేసిన మామూలు లాన్‌కి ఇది వర్తించదని కూడా అదే చట్టంలో ఉంది, అంటే లక్ష్మణ్‌గారి పక్కింటాయనకి ఇక్కడా దారి లేదు. కాకపోతే ఇది సిటీల గురించి. హెచ్ఓఏ సంగతి వేరే, రెండూ కలిపేసుకుని చాలామంది పొరబడతారు.

#10 కమిటీలో_ఉన్నా

#9 మంచి పాయింట్. పద్మగారు సిటీ రూలు కూడా విడిగా చూసుకోవాలి. డాలస్ సిటీలో గడ్డి, కలుపు 12 అంగుళాలు దాటకూడదని ఉంది, చుట్టుపక్కల ఊళ్లలోనూ దాదాపు ఇదే తరహా. పూలమొక్కలు, పొదలు ఆ లెక్కలోకి రావు. కానీ లిటిల్ బ్లూస్టెమ్ రెండు మూడడుగులు పెరుగుతుంది, చూసేవాడికి అది గడ్డే. దాన్ని సైడ్‌వాక్ పక్కన కాకుండా ఇంటి గోడ వైపు పెట్టుకోండి.

#11 గరికపోచ

అందరూ చట్టాలు మాట్లాడుతున్నారు కాబట్టి నేను గడ్డి గురించి మాట్లాడతాను. ఇక్కడ హెచ్ఓఏలు "బెర్ముడా గ్రాస్ ఆరోగ్యంగా పచ్చగా ఉంచాలి" అని రాస్తాయి కదా, ఆ బెర్ముడా అంటే ఏమిటో తెలుసా? మన గరిక. అక్షరాలా అదే మొక్క, సైనోడాన్ డాక్టిలాన్. వినాయక చవితికి 21 పత్రిలో పెట్టే గరిక. మా నాన్నగారు మొదటిసారి వచ్చినప్పుడు లాన్‌లో వంగి ఒక పోచ తుంచి చూసి "ఒరేయ్, ఇది గరికరా, దీనికి నెలకి వంద డాలర్లు పెట్టి నీళ్లు పోస్తున్నారా" అన్నారు. మా ఊళ్లో అది గట్ల మీద ఎవరూ పోయకుండానే పెరిగేది, పొలంలోకి వస్తే తవ్వి పారేసేవాళ్లం.

మరి ఆ పత్రిలోనే జిల్లేడు కూడా ఉంది. మిల్క్‌వీడ్ ఆ జిల్లేడుకి దగ్గర చుట్టం. తుంచితే అదే తెల్లపాలు. చిన్నప్పుడు జిల్లేడు ఆకుల మీద నల్లటి, పసుపు చారల పురుగులు చూసే ఉంటారు, ఆ సీతాకోకచిలుక, మోనార్క్ ఒకే జాతిలోవి, అక్కాచెల్లెళ్లనుకోండి. అంటే మన పత్రిలోని ఒక మొక్క ఇక్కడ తప్పనిసరి, దాని పక్కనే కూర్చునే ఇంకో మొక్క బంధువుకి ఇక్కడ నోటీసు. నాకైతే బాధేసింది.

#12 పెరటి_పద్మ

#11 మా అత్తగారు కూడా సరిగ్గా ఇదే అన్నారండీ, "ఇది జిల్లేడు జాతి, ఇంటి ముందు ఉంటే మంచిదే" అని. ఆవిడ రోజూ సాయంత్రం కుర్చీ వేసుకుని పురుగుల్ని చూస్తారు.

#13 వంకాయ_వెంకట్

దారి మళ్లిస్తున్నానేమో, ఇంటి ముందు కూరగాయలకి కూడా ఈ చట్టాలు పనికొస్తాయా? ముందు వైపే ఎండ వస్తుంది మాకు. గోంగూర, వంగ వేయాలని.

#14 నల్లరేగడి

#13 టెక్సస్‌లో నేను చెప్పిన సెక్షన్ కూరగాయల గురించి కాదు. ఫ్లోరిడాలో మయామీ షోర్స్ అనే ఊళ్లో 2013లో ముందు యార్డ్‌లో కూరగాయలు వద్దని రూలు పెట్టారు. 17 ఏళ్లుగా కూరగాయలు పండించుకుంటున్న దంపతులు తోట పీకేసి కోర్టుకెళ్లారు, ఓడిపోయారు. చివరికి 2019లో రాష్ట్రమే చట్టం చేసి ఊళ్లు అలా నిషేధించకూడదంది, వాళ్లు మళ్లీ నాటుకున్నారు. అదీ ఊళ్లకే, హెచ్ఓఏకి కాదు.

#15 గోంగూర_గోపాల్

గోంగూర మీద చెయ్యేస్తే నేనూ కోర్టుకెళ్తాను.

#16 కొలంబియా_కోడలు

మేరీలాండ్ నుంచి. మా కొలంబియాలోనే జరిగింది ఇది. ఒక జంట ఇంటి ముందు లాన్ లేకుండా నేటివ్ మొక్కలతో తోట పెంచారు. 2017లో హెచ్ఓఏ నుంచి ఉత్తరం, పక్కింటివాళ్ల ఫిర్యాదు మీద. మళ్లీ లాన్ పెట్టమన్నారు. వాళ్లు వదల్లేదు, లాయరుకి చాలా డబ్బు పోసి ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి రాజీ కుదిరింది, తోట చాలావరకు నిలిచింది. ఆ గొడవ ఊరికే పోలేదు, రాష్ట్రంలో చట్టం వచ్చింది, 2021 అక్టోబరు 1 నుంచి అమలు. లాన్ గడ్డి వేసి తీరాలని హెచ్ఓఏ ఇప్పుడు మేరీలాండ్‌లో అనకూడదు. వాననీరు ఇంకే రెయిన్ గార్డెన్, పరాగసంపర్కం చేసే పురుగుల కోసం వేసే తోట, నీళ్లు తక్కువ కావలసిన తోట, ఇవన్నీ పేర్లతో సహా చట్టంలో ఉన్నాయి.

నేను ఆ ఇంటి ముందు నుంచి నడిచాను. చూడగానే అడవిలా అనిపించదు, దారి కనిపిస్తుంది, అంచులు కనిపిస్తాయి. పద్మగారూ, అంచు ముఖ్యం. రాళ్లో, ఇటుకలో, ఒక వరస పెట్టండి. అంచు ఉంటే తోట, లేకపోతే తుప్ప, జనాల కళ్లు అలాగే చూస్తాయి.

#17 విశాఖ_వాసి

అమెరికా చట్టాలు తెలియవు కానీ ఒక మాట. నేటివ్ అయితే చాలు మంచిదే అనుకోకండి. హుద్‌హుద్ 2014లో వైజాగ్‌లో చెట్లన్నీ పడగొట్టాక త్వరగా పెరుగుతుందని ఏడాకుల పాల చెట్లు ఎక్కడ చూసినా నాటారు. అది మన దేశపు చెట్టే. ఇప్పుడు అక్టోబరు, నవంబరు వస్తే రాత్రిళ్లు ఆ వాసనకి తలనొప్పి, మా అమ్మకి ఉబ్బసం, కిటికీలు తెరవలేం. ఏ మొక్క అన్నదే కాదు, ఎన్ని, ఎక్కడ అన్నది కూడా చూడాలి.

#18 తంగేడు_పువ్వు

#17 ఒప్పుకుంటా. మాది హైదరాబాద్, శంకర్‌పల్లి వైపు విల్లాలు. మా అసోసియేషన్ బైలాస్‌లో ముందు యార్డ్‌కి మెక్సికన్ గ్రాస్ మాత్రమే అని రాసుకున్నారు. ట్యాంకర్ నీళ్లు కొని మరీ తడుపుతున్నాం. నేను మూలన తంగేడు వేశాను. రాష్ట్ర పుష్పం, బతుకమ్మలో అదే ముందు, ఎండాకాలం చుక్క నీరు అడగదు. గార్డెనర్‌తో కొట్టించేశారు, నేను ఆఫీసులో ఉన్నప్పుడు. "పిచ్చి మొక్క అనుకున్నాం మేడం" అన్నారు. అదే మనుషులు సెప్టెంబరులో బతుకమ్మ కోసం మార్కెట్లో తంగేడు పువ్వు కట్టలు కొన్నారు.

గోడ చుట్టూ మాత్రం కోనోకార్పస్ చెట్ల వరస, మా ముక్కుల్లోకి పుప్పొడి, డ్రైనేజీలోకి వేర్లు. గుజరాత్ 2023లో దాన్ని నిషేధించింది. తెలంగాణ హరితహారంలోనూ నాటడం ఆపేశారు. మా అసోసియేషన్‌కి ఆ కబురు ఇంకా చేరలేదు.

#19 నల్లరేగడి

#18 చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది. వచ్చే జనరల్ బాడీలో బతుకమ్మ పేరుతోనే పెట్టండి, తంగేడు, గునుగు రెండూ ఒక మూలకి. ఎవరూ కాదనలేరు.

#20 బ్లూబానెట్_బుజ్జి

పద్మక్కా టెన్షన్ వద్దు, బ్లూబానెట్ స్టేట్ ఫ్లవర్, దాన్ని కోయడమే నేరం ఇక్కడ. హెచ్ఓఏ మీదే కేసు పెట్టొచ్చు.

#21 కమిటీలో_ఉన్నా

#20 అది అందరూ నమ్మే మాటే కానీ అలాంటి చట్టం లేదు. హియరింగ్‌లో అది అంటే మిగతా మంచి వాదన కూడా తేలిపోతుంది. దయచేసి అనకండి.

#22 బ్లూబానెట్_బుజ్జి

అయ్యో, పదేళ్లుగా మా పిల్లలకి అదే చెప్తున్నా. సరే, వాళ్లకి మాత్రం చెప్పను 🙂

#23 మంచి_మట్టి

పద్మగారూ ఆ పెద్ద స్టోర్లో ఎరుపు, పసుపు పూల మిల్క్‌వీడ్ కుండీలు దొరుకుతాయి, ముద్దుగా ఉంటుంది, హెచ్ఓఏకి నచ్చుతుంది. అవి పెట్టేయండి.

#24 నల్లరేగడి

#23 వద్దు. అది ట్రాపికల్ మిల్క్‌వీడ్, ఇక్కడిది కాదు. మన దగ్గర చలి తక్కువైన ఏడాది అది చావదు, ఆకు రాలదు, దాంతో మోనార్క్‌లకి పట్టే ఒక పరాన్నజీవి ఆ ఆకుల మీద పేరుకుపోతుంది. ఉన్నవాళ్లు అక్టోబరు నుంచి కొన్నాళ్లు మొదలుకంటా కోసేయాలి. గ్రీన్ మిల్క్‌వీడ్, యాంటిలోప్ హార్న్స్ ఈ నల్లరేగడిలో పుట్టినవే, వాటంతట అవే నేలలోకి దిగిపోతాయి.

నల్లరేగడి అని ఊరికే అనడం లేదు. బాపట్లలో అగ్రికల్చర్ చదివాను, ఇక్కడ ఇల్లు కట్టేటప్పుడు తవ్విన మట్టి చూసి మా గుంటూరు పత్తి చేనే గుర్తొచ్చింది. వానకి ఉబ్బుతుంది, ఎండకి చెయ్యి దూరేంత నెర్రెలు. ఫౌండేషన్ పగుళ్లకి అందుకే అందరూ భయపడతారు. డాలస్ చుట్టూ ఒకప్పుడు ఈ నేల మీదంతా ప్రెయిరీ, అంటే గడ్డిమైదానం, ఇప్పుడు నూటికి ఒక్క వంతు కూడా మిగల్లేదు. లిటిల్ బ్లూస్టెమ్ వేరు ఐదారడుగులు దిగుతుంది. గరిక వేసవంతా పచ్చగా ఉండాలంటే స్ప్రింక్లర్ కావాలి, దీనికి రెండో ఏడు నుంచి ఏమీ అక్కర్లేదు. ఈ మాట అప్లికేషన్‌లో రాయండి.

#25 లాన్_లక్ష్మణ్

నీళ్ల సంగతి మాత్రం ఒప్పుకుంటా. ఆగస్టులో నా బిల్లు చూస్తే భయమేస్తుంది. పాముల మాటేంటి? మాకు చిన్న పిల్లలున్నారు.

#26 గరికపోచ

#25 పాముకి కావలసింది ఎలుక, దాక్కోవడానికి చోటు. కట్టెల కుప్ప, బర్డ్ ఫీడర్ కింద రాలిన గింజలు, ఇవి చూసుకోండి. మోకాలెత్తు పూలమొక్కల మధ్య మట్టి కనిపిస్తూ ఉంటే అక్కడ ఏముందో మీకూ కనిపిస్తుంది. మా ముందు తోటకి ఆరేళ్లు, ఒక్కటీ చూడలేదు. అయినా ఎత్తు మొక్కలు పిల్లలు ఆడేచోటికి దూరంగా పెట్టుకోవడం మంచిదే.

#27 పెరటి_పద్మ

నాలుగు రోజుల తరువాత వస్తున్నా. చేసింది చెబుతాను.

మొదట మేనేజ్‌మెంట్ కంపెనీకి సర్టిఫైడ్‌లో ఉత్తరం పంపాను. మీరు పంపింది జరిమానా నోటీసు కాదని నా ఉద్దేశం, అయినా హియరింగ్ కావాలి, మీ జరిమానాల పట్టిక పంపండి అని. (జరిమానాల విధానం రాసి పెట్టుకోవాలని 2024 జనవరి నుంచి రూలట, ఒక స్నేహితురాలు చెప్పింది.) తరువాత రెండు రాత్రులు కూర్చుని ప్లాన్ గీశాను. మా అబ్బాయి గ్రాఫ్ పేపర్ ఇచ్చాడు, ఒక గడి ఒక అడుగు. #6లో చెప్పిన పట్టిక మొత్తం పెట్టాను. "మే 31కి బ్లూబానెట్ ఎండు కాడలు తీసేస్తాను, ఫిబ్రవరిలో బ్లూస్టెమ్ కత్తిరిస్తాను" అని కూడా రాశాను. మొదటి వాక్యం #4లో చెప్పిందే. శనివారం మా ఆయన, నేను ఇటుకలతో అంచు కట్టాం, లోపల మల్చ్ పరిచాం. చూస్తే నాకే వేరే తోటలా ఉంది.

పురుగులు ఇప్పుడు ఏడే కనిపిస్తున్నాయి. మిగిలినవి ఎక్కడికి పోయాయో తెలియక గోడలన్నీ వెతికాను. ఒకటి మెయిల్‌బాక్స్ ఇటుకల అంచు కింద తలకిందులుగా 'జె' అక్షరంలా వేలాడుతోంది.

#28 కొలంబియా_కోడలు

#27 రేపు పొద్దున చూడండి, ప్యూపా అయిపోతుంది. లేతాకుపచ్చ, పైన బంగారు చుక్కలు. ముట్టుకోకండి, ఆ ఇటుక వైపు నీళ్లు పట్టకండి.

#29 గోంగూర_గోపాల్

మెయిల్‌బాక్స్ మీదేనా? హెచ్ఓఏ తరువాతి ఉత్తరం దాని పక్కనుంచే లోపలికి వెళ్లాలి.

#30 చలిదేశం

#27 "తోట ఇది, కలుపు కాదు" అని చెప్పే చిన్న బోర్డు కూడా పెట్టండి. మోనార్క్ వేస్టేషన్ అనీ, వైల్డ్‌లైఫ్ హ్యాబిటాట్ అనీ సర్టిఫికెట్‌తో ఇచ్చేవి ఉన్నాయి. ముందు మీ హెచ్ఓఏలో బోర్డుల రూలు చూసుకోండి, దానికి ఇంకో నోటీసు వస్తే కష్టం.

#31 ఆస్టిన్_అరుణ

ఆలస్యంగా చూశాను. ఇంకొకటి కలుపుతాను. 2025 సెప్టెంబరు నుంచి టెక్సస్‌లో, నీళ్ల వాడకం మీద ఆంక్షలు ఉన్నప్పుడు లాన్ ఎండి గోధుమరంగుకి తిరిగిందని హెచ్ఓఏ జరిమానా వేయకూడదు. ఇది నేటివ్ మొక్కల గురించి కాదు, కానీ లాన్ పచ్చగా ఉండి తీరాలన్న మొండిపట్టు చట్టం దగ్గర కూడా సడలుతోందనడానికి పనికొస్తుంది. ఇంకా, గడ్డి బదులు నేల మీద పాకేది కావాలంటే ఫ్రాగ్‌ఫ్రూట్ చూడండి. ఇక్కడి నేటివే, మన వైపూ చెరువు గట్ల మీద ఉంటుంది, మా అమ్మమ్మ బొక్కెనాకు అనేది. ఎత్తు రెండు మూడు అంగుళాలే కాబట్టి ఏ 12 అంగుళాల రూలూ దాన్ని ముట్టుకోలేదు.

#32 వంకాయ_వెంకట్

#31 ఇది కొత్త విషయం. ఫోటో పెట్టండి ప్లీజ్.

#33 పెరటి_పద్మ

ఐదు వారాల తరువాత అప్‌డేట్. హియరింగ్ అయింది. బోర్డువాళ్లు నలుగురు, మేనేజ్‌మెంట్ ఆవిడ ఒకరు. నేను అరగంట మాట్లాడతాననుకుని కాగితాలన్నీ పట్టుకెళ్తే పది నిమిషాల్లో అయిపోయింది. ప్లాన్ ముందే చదివారు. నేను 202.007 పేరు చెప్పగానే ఒకాయన "మాకు తెలుసు" అన్నారు. ఇంకొకావిడ "కలుపు అని రాసి ఉండకూడదు" అన్నారు, ఆ ఒక్క మాటకి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

అనుమతి రాతపూర్వకంగా వచ్చింది, షరతులతో. ఇటుక అంచు ఉండాలి, కాడలు మే 31కి తీయాలి (తీసేశాను, కాయలు ఎండలో టపటపా చిట్లుతుంటే మా అత్తగారు కింద పాత చీర పరిచి గింజలు పట్టారు, మినుములు నూర్చినట్టు). మూడోది మాత్రం కష్టంగా ఉంది. సైడ్‌వాక్ నుంచి మూడడుగుల లోపు రెండడుగులు దాటే మొక్క ఏదీ ఉండకూడదట. నా మిల్క్‌వీడ్ నాలుగులో రెండు ఆ గీత లోపలే ఉన్నాయి. వాటిని మార్చి నాటవచ్చా?

#34 నల్లరేగడి

#33 గెలిచారు, అది ముందు ఒప్పుకోండి. మార్చడం మాత్రం కష్టం అండీ. గ్రీన్ మిల్క్‌వీడ్‌కి ముల్లంగిలా లోతుగా దిగే తల్లివేరు ఉంటుంది, తవ్వితే తెగుతుంది, నూటికి తొంభై చచ్చిపోతుంది. పురుగులేమీ లేవని చూసుకుని తీసేయండి. లేదా రెండడుగులు దాటకుండా కత్తిరిస్తూ ఉంచుతానని అడిగి చూడండి. నిజానికి ఆ మొక్క రెండడుగులు దాటడమే అరుదు.

#35 కమిటీలో_ఉన్నా

#34 అవును, అడగండి. షరతు ఎత్తు గురించి, మొక్క గురించి కాదు. ఈమెయిల్ చాలు, మళ్లీ హియరింగ్ అక్కర్లేదు. ఎత్తు కొలిచి, పక్కన టేప్ పెట్టి ఫోటో తీసి జతచేయండి.

#36 పెరటి_పద్మ

కొలిచాను. ఒకటి 19 అంగుళాలు, ఒకటి 22. ఇవాళే పంపుతున్నా. మెయిల్‌బాక్స్ కింద వేలాడింది మే రెండో వారంలోనే ఎగిరిపోయింది, ఖాళీ తొడుగు మాత్రం ఇంకా అక్కడే ఉంది, పల్చటి ప్లాస్టిక్ కాగితంలా. తీయబుద్ధి కావడం లేదు.

#37 లాన్_లక్ష్మణ్

అభినందనలు. నా అభిప్రాయం పెద్దగా మారలేదు, ముందు అప్లికేషన్ పెట్టి ఉంటే ఇదంతా ఉండేది కాదు. కానీ ఆ షరతుల కాగితం పేర్లు కొట్టేసి ఇక్కడ పెట్టగలరా? మా బోర్డుకి చూపిస్తాను, పక్కింటాయనకి కూడా అవే షరతులు పెట్టమని.

#38 పెరటి_పద్మ

#37 తప్పకుండా. రాత్రికి పెడతాను.

#39 బ్లూబానెట్_బుజ్జి

పద్మక్కా, అత్తగారు పట్టిన గింజల్లో కొన్ని ఇస్తారా? అక్టోబరులో చల్లాలి కదా?

#40 పెరటి_పద్మ

అక్టోబరే. గరుకు కాగితం మీద కొంచెం రుద్ది చల్లు, లేకపోతే పైతొక్క గట్టిగా ఉండి మొదటి ఏడు చాలా గింజలు మొలవవు. కాఫీ సీసా నిండా ఉన్నాయి, ఎవరికి కావాలన్నా పర్సనల్ మెసేజ్ పెట్టండి.